తక్కెడలో తూచిన సైకిల్

ఇద్దరు అల్లుళ్ళకు ఒకే సైకిల్‌ను సమానంగా పంచవచ్చునని నమ్మిన మనిషిని నేను జీవితంలో ఒక్కరినే చూశాను. ఆయన మా మామ, అంటే నా భార్య తండ్రి. గుత్తి రైల్వే గూడ్సు షెడ్డులో ఏళ్ళ తరబడి సరుకులు తూచి రిటైరైనవాడు. తూకం సరిపోతే న్యాయం జరిగినట్టేనని ఆయన గట్టి నమ్మకం.

ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి భర్తను నేను. అనంతపురంలో చెరువుల లెక్కలు రాసే ఆఫీసులో గుమాస్తాను. చెరువుల్లో నీళ్ళు ఉండేవి కావు కాబట్టి మా ఆఫీసులో పని ఒత్తిడి గురించి ఎవరూ ఫిర్యాదు చేసేవారు కాదు. చిన్నమ్మాయి భర్త, అంటే నా షడ్డకుడు, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసేవాడు. నాకంటే చిన్నవాడు, నాకంటే పొడుగు, నాకంటే కలిగినవాడు. పైగా మంచివాడు. అతని మీద నాకున్న ఫిర్యాదుల్లో ఆ చివరిదే పెద్దది.

మామ మమ్మల్ని ఎప్పుడూ సమానంగానే చూశాడు. పండక్కి పంచెలు పెడితే ఒకే తానులోంచి చింపించేవాడు. ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డించేటప్పుడు రెండు విస్తళ్ళ మధ్య నిలబడి చూసేవాడు. నా పెళ్ళికి పెట్టిన వాచీ లాంటిదే వెతికి వెతికి అతని పెళ్ళికీ పెట్టాడు. రెండూ దాదాపు ఒకేసారి ఆగిపోయాయి. ఇలాంటి ఇంట్లో అసూయకు చోటు ఉండకూడదు. కానీ ఆ ఇంట్లో ఒక్కటే ఉన్న వస్తువు ఒకటి ఉండేది. అదే ఆ సైకిల్.

మా పెళ్ళికి చాలా ఏళ్ళ ముందు ఒక తెల్లవాడు ఆ సైకిల్ మీద గుత్తి కోట చూడడానికి వచ్చాడట. ఏ దేశంవాడో మామకు తెలియదు. అడగడం మర్యాద కాదనుకున్నాడు. మన ఎండ అతనికి కోట చూసే అవకాశం ఇవ్వలేదు. జ్వరంతో రైలెక్కుతూ, మళ్ళీ వస్తానని సైగ చేసి, సైకిల్‌ను మామకు అప్పగించి వెళ్ళాడు. ఎవరూ విడిపించుకోని సరుకును రైల్వేవాళ్ళు కొన్నాళ్ళు చూసి వేలం వేస్తారు. మామ ఇరవై ఏళ్ళు చూశాడు. తను తొక్కలేదు, ఇంకొకరిని తొక్కనివ్వలేదు.

పెళ్ళయిన మర్నాడు మామ రైల్వే క్వార్టర్సు వెనక గదిలో, గోనెసంచుల చాటున నేను దాన్ని చూశాను. మన సైకిళ్ళు రెండు మూటల చెనిక్కాయలు, అంటే వేరుశెనగ, మోయడానికి పుట్టినవి. ఇది మనిషిని దూరదేశం తీసుకుపోవడానికి పుట్టింది. సన్నటి కడ్డీలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, తోలు సీటు, వెనక రెండు పక్కలా వేలాడే కాన్వాసు సంచులు. అన్నిటికంటే ముఖ్యం, వెనక చక్రం నడిమి హబ్బులో మూడు గేర్లు. ఎత్తు ఎక్కేటప్పుడు ఒకటి, చదునులో ఒకటి, గాలి వెంట పోయేటప్పుడు ఒకటి. అప్పటికి మా జిల్లాలో సైకిళ్ళకు ఒకే గేరు ఉండేది, అది తొక్కేవాడి పిక్కల్లో ఉండేది.

ఆ తర్వాత అత్తవారింటికి ఎప్పుడు పోయినా మొదట దాన్ని పలకరించి తర్వాత మనుషుల దగ్గరకు పోయేవాణ్ణి. అది నాదేనని నాకు తెలుసు. మామకు తెలియడమే ఆలస్యం. అత్త మాత్రం అప్పుడప్పుడు దానికి చెనిక్కాయ నూనె పోసేది. ఆ ఇంట్లో కిర్రుమనే ప్రతిదానికీ ఆ నూనే. అయితే హబ్బుకు నూనె పోసే చిన్న రంధ్రం ఒకటి ఉందని ఆమెకు ఎలా తెలిసిందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

డెబ్బైల చివర్లో మామ రిటైరై, క్వార్టర్సు ఖాళీ చేసి, కోట కింద చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. సామాను మార్చడానికి మమ్మల్ని ఇద్దరినీ పిలిచాడు. అన్నీ సర్దాక సైకిల్ ఒక్కటే వాకిట్లో మిగిలింది.

"ఇరవై ఏండ్లాయె. ఇంగ రాడులే ఆయప్ప," అన్నాడు మామ. "వచ్చినా తొక్కేకి మోకాళ్ళు ఉండొద్దూ?"

అందుకోవడానికి నేను ఒక అడుగు ముందుకు వేశాను. మామ లోపలికి పోయి స్పానరు తెచ్చాడు. ఎదురింటి చెనిక్కాయల వ్యాపారి దగ్గర నుంచి మూటలు తూచే పెద్ద తక్కెడ తెప్పించి, మూడు వాసాలు నిలబెట్టి వేలాడదీయించాడు. ఆ తర్వాత సైకిల్ విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తాండావు మామా?" అన్నాను.

"పంచుతాండా."

"సైకిల్నా?"

"మరి అల్లుండ్లు ఇద్దురు ఉండారు గదప్పా. ఒగనికిచ్చి ఇంగొగన్ని ఉత్త చేతుల్తో పంపితే ఊరోళ్ళు నన్నేమంటారు?"

"నాకొద్దులే మామా, అన్నకే ఇచ్చెయ్," అన్నాడు షడ్డకుడు.

చెప్పాను కదా మంచివాడని. అలాంటి మాటకు అవతలివాడు 'లేదులే, నువ్వే తీసుకో' అని తీరాలి. నేను నోరు గట్టిగా మూసుకుని, కోటకేసి చూస్తూ నిలబడ్డాను.

మామ మురిసిపోయాడు. "చిన్నోడివైనా పెద్ద మాట చెప్తివి. ఆ మాటకే నీకి సగం ఇయ్యాల."

నా వంతుగా ఒక తట్టలో ఫ్రేము, హ్యాండిల్, ముందు చక్రం. రెండో తట్టలో వెనక చక్రం, తోలు సీటు, లైటు, కాన్వాసు సంచులు. నా తట్ట కిందికి దిగింది. మామ నా వైపు నుంచి క్యారియర్ తీసి అటు వేశాడు. మడ్‌గార్డులు తీసి అటు వేశాడు. ఇంకా రవ్వంత తేడా ఉంది. నా వైపున్న రెండు పెడళ్ళలో ఒకటి విప్పి అటు పెట్టాడు. తక్కెడ ముల్లు నిలబడింది. మామ కళ్ళలో నీళ్ళు నిలబడ్డాయి. ఇరవై ఏళ్ళ బాధ్యత తీరిందన్న తృప్తి కాబోలు.

గేరు మార్చే మీట మాత్రం నా హ్యాండిల్‌కే ఉండిపోయింది. గేర్లున్న చక్రం అటు పోయింది. ఈ సంగతి నెమ్మదిగా గుర్తు చేశాను. "ఇప్పుడు అది పీకితే తూకం చెడుతుంది," అన్నాడు మామ. అత్తవారింట్లో పెద్దల్లుడు ఇవ్వనిది అడగకూడదు, ఇచ్చింది వద్దనకూడదు. నేను రెండూ చేయలేదు. నా సగాన్ని గోనెసంచిలో కట్టుకున్నాను.

రెండు సగాలూ ఒకే బస్సు టాపు మీద అనంతపురం దాకా వచ్చాయి. అక్కడ మేము దిగాం. గేర్ల చక్రమూ, తోలు సీటూ నా కళ్ళముందే ధర్మవరం వైపు వెళ్ళిపోయాయి. ఆ బాధ దేనితో పోల్చాలో నాకు తెలుసు, కానీ పక్కనే నా భార్య నిలబడి ఉండడం వల్ల పోల్చలేదు.

మర్నాటి నుంచి మా వరండా వర్క్‌షాపు అయిపోయింది. స్టవ్వు కోసం దాచిన కిరసనాయిలుతో ఏళ్ళనాటి జిడ్డు కడిగాను. ఉప్పుకాగితంతో రుద్దితే మట్టి కింద నుంచి ముదురు ఆకుపచ్చ రంగు బయటపడింది, దాని మీద వెంట్రుకంత బంగారు గీతలు. తుప్పు పట్టిన బేరింగు గుండ్లను పళ్ళెంలో పోసి ఒక్కొక్కటే తుడిచాను. ఆ పళ్ళెం అన్నం పళ్ళెమని తర్వాత తెలిసింది. రంగు తెచ్చి, గీతలు మళ్ళీ దిద్దాను. నాకు చెయ్యి వణికే అలవాటు లేదు, కానీ కుడివైపు గీత చూసినవాళ్ళు నమ్మరు.

రుద్దేటప్పుడు ఒక విచిత్రం కనిపించింది. పై కడ్డీకి అడుగు భాగాన, ఫ్రేము లోపలి వైపు, జానెడు మేర రంగు అరిగిపోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. సీటు మీద కూర్చుని తొక్కేవాడి ఒళ్ళు అక్కడ తగిలే ప్రసక్తే లేదు. తెల్లవాడు అక్కడ నీళ్ళ తిత్తి కట్టుకుని ఉంటాడని తేల్చాను. చదువుకున్నవాళ్ళం, ఏదో ఒకటి తేల్చకుండా ఉండలేం.

నా భార్య కాఫీ ఇవ్వడానికి వచ్చి ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది.

"ఈడ రంగు పూయొద్దు," అంది.

"ఎందుకు?"

"ఊరికే. గుర్తు ఉండనీండి."

పాత వస్తువుల విలువ తెలిసిన ఇల్లాలు దొరికిందని లోలోపల సంతోషించాను.

ముందు చక్రం మన చక్రాల కంటే రవ్వంత చిన్నది. దానికి సరిపడే టైరు అనంతపురంలో దొరకలేదు. ఒకరోజు బస్సు కండక్టరు ఒక టైరు తెచ్చి ఇచ్చాడు. షడ్డకుడు పట్టునూలు కోసం బెంగళూరు పోయినప్పుడు తనకొకటి, నాకొకటి కొన్నాడట. నేను అడగలేదు. దుడ్లు ఎంతో చెప్పలేదు. ఈ మనిషితో ఎలా వేగాలి? కనీసం టైరు ఒక ముఖ్యమైన చోట చిరిగి ఉంటుందేమోనని వెలుతురులో పట్టి చూశాను. చిరగలేదు.

వెనకకు బజారులో దొరికే మామూలు చక్రం వేశాను. సీటు, రెండో పెడలు కూడా బజారువే. ముందు నుంచి చూస్తే ఇంగ్లండు, వెనక నుంచి చూస్తే అనంతపురం. దాని మీద మొదటిసారి ఆఫీసుకు పోయినప్పుడు పక్కింటాయన గేటు దగ్గర నిలబడి, "ఏం సార్, పొట్టేలు తెచ్చినారా? ఎప్పుడు కోస్తారు?" అన్నాడు. నేను వంగిన హ్యాండిల్ పట్టుకుని, తల దించుకుని, జవాబు చెప్పకుండా పోయాను. ఆ హ్యాండిల్‌తో అదొక సౌకర్యం.

ఫ్రేము గాలిలా తేలిక. నిజం. కానీ మా ఊళ్ళో గాలి అంత తేలికైనది కాదు. ఆషాఢంలో పడమటి గాలి మొదలైతే నిలబడ్డ మనిషిని కూడా పక్కకు జరుపుతుంది. ఆఫీసు దారిలో ఎత్తు ఒకటి ఉండేది. దాని కింద గాలి ఎదురైనప్పుడు నా బొటనవేలు దానంతట అదే మీట నొక్కేది. టిక్ అనేది. ఏమీ జరిగేది కాదు. మళ్ళీ నొక్కేవాణ్ణి.

ఒక సాయంత్రం నా భార్య వరండాలో నిలబడి నేను రావడం చూసింది.

"ఆ టిక్కు ఏంది?"

"గేరు మారుస్తాండా."

"గేరు ధర్మవరంలో ఉండాది గదా."

మొదటి మూడు నెలలూ నాకు ఒక ఊరట ఉండేది. అత్త పోసిన చెనిక్కాయ నూనె ఏళ్ళ తరబడి హబ్బులో పేరుకుని బంకలా గట్టిపడిందని, గేర్లు కదలడం లేదని వార్త వచ్చింది. నేను విచారం వ్యక్తం చేశాను. ఆ వారమంతా గాలి కూడా ఎదురు రాలేదు. తర్వాత మరదలు మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే, "బావా, ఆ నూనె బంక ఇడిసింది. కిరసనాయిల్లో నానేసి, మిషన్ నూనె పోసినాడు. ఇప్పుడు మీ తమ్ముడు మూడో గేరులో పోతాండాడు, బజార్లో అందరూ చూస్తాండారు," అంది.

"మంచిదమ్మా," అన్నాను. మూడో గేరు అన్న మాట ఆ రాత్రి అన్నంతోపాటు దిగలేదు.

ఏదో పని కల్పించుకుని ధర్మవరం పోయాను. షడ్డకుడు వీధి అరుగు మీదే సైకిల్ తుడుస్తున్నాడు. బజారు ఫ్రేముకు నా ఫ్రేము రంగే, ముదురు ఆకుపచ్చ పూయించాడు. బంగారు గీతల బదులు, చీరలకు అంచు డిజైన్లు గీసే మనిషి చేత మామిడి పిందెల అంచు వేయించాడు. సైకిల్ పెళ్ళిపీటల మీదికి పోతున్నట్టు ఉంది. మీట లేదు కదా, మగ్గం మీద దారం మోసే నాడెను అటూ ఇటూ విసిరే తాడుకు ఉండే కొయ్య పిడి లాంటిది ఒకటి చెక్కించి, దానికి మూడు గాట్లు పెట్టి, తీగ కట్టాడు. పిడి లాగి గాటులో తగిలిస్తే గేరు మారుతుంది.

"తొక్కి చూడన్నా," అన్నాడు.

తొక్కాను. మొదటి గేరులో వీధి చివర ఎత్తు ఎక్కాను. ఎక్కడం అనకూడదు, ఎత్తే కిందికి దిగింది. పిడి లాగాను. చక్రం లోపల ఏదో సన్నగా సర్దుకుని, కాళ్ళ కింద దారి పరుగెత్తింది. తోలు సీటు ఆముదం తాగి మెత్తబడి ఉంది. మగ్గాల చప్పుడు రెండు పక్కలా టకటకా వెనక్కి పోతోంది. అనంతపురం దాకా అలాగే పోయి మళ్ళీ రాకుండా ఉండాలనిపించింది. పోలీసులు గుర్తొచ్చి వెనక్కి తిప్పాను.

"ఎట్లుండాదన్నా?"

"పరవాలేదప్పా," అన్నాను. అంతకంటే పెద్ద అబద్ధం నేను ఎప్పుడూ ఆడలేదు.

అతను తల వంచుకుని, "ఏం లాభమన్నా, ఈ ఫ్రేము ఎద్దుబండి. గేరు ఎంత తిప్పితే ఏం? నీ ఫ్రేము ఒంటి వేలితో లేస్తాది గదా. నిద్దర్లో గూడా అదే కనపడతాంది నాకి," అన్నాడు.

ఆ మాట వినగానే నా ఒళ్ళు తేలికైంది. నా అసూయకు ఒక బంధువు దొరికాడు. కానీ ఆ బంధుత్వం ఎంతోసేపు నిలవలేదు. అతనికి నా ఫ్రేము కావాలి, నాకు అతని చక్రం కావాలి. కలిపితే ఒకటే సైకిల్. ఆ ఒక్కటీ ఎవరిది?

సీటు మీద అతను ఒక మచ్చ చూపించాడు. కూర్చునే చోట తోలు కొత్తదానిలా ఉంది. ముందు ముక్కు దగ్గర, పక్కన మాత్రం నల్లబడి అరిగిపోయింది.

"తెల్లోనికి ఒగ కాలు పొట్టి ఏమో అన్నా. ఒంటి పక్క కూచుంటాండె," అన్నాడు.

నేను నీళ్ళ తిత్తి సిద్ధాంతం చెప్పాను. కుంటివాడు, తిత్తి మోస్తూ, పక్కకు వాలి దేశాలు తిరిగాడని ఇద్దరం కలిసి ఒప్పుకున్నాం. అతని మీద మాకు గౌరవం పెరిగింది.

ఆ తర్వాత ఏడాది పొడుగునా నాకు ఒకటే ఆలోచన. ఆ చక్రం ఎలా రప్పించాలి? చివరకు ఒక న్యాయమైన పథకం తయారైంది. సైకిల్ మొత్తంగా కలపాలి, ఆర్నెల్లు నా దగ్గర, ఆర్నెల్లు అతని దగ్గర ఉండాలి. మొదటి ఆర్నెల్లు పెద్దవాణ్ణి కాబట్టి నావి. ఆర్నెల్ల తర్వాత ఏదో ఒక మరమ్మతు తగిలి ఇంకో ఆర్నెల్లు పట్టకుండా పోదు. నా భార్యతో అంటే, "నాయన తూచిచ్చిందాన్ని మీరు కలిపేదేంది?" అంది. అక్కడ మరదలు కూడా అదే మాట అన్నదని తెలిసింది. అక్కచెల్లెళ్ళకు తండ్రి తూకం మీద అంత భక్తి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

దారి మామే చూపించాడు. ఆ దసరాకు కబురు పంపాడు. "ఆయుధ పూజకు ఇద్దురూ మీ సగాలు తీసుకోని రాండి. ఇరవై ఏండ్లు కాపలా కాసిన వస్తువు, ఒగసారి నిండుగా చూసి పూజ చేసుకుంటా."

నా సగం బస్సెక్కింది. ఆ సగమూ వచ్చింది. మామ ఇంటి ముందు ఇద్దరం కూర్చుని బజారు ముక్కలు విప్పి పక్కన పడేశాం. నా ఫ్రేములో గేర్ల చక్రం కూర్చుంది. మీటకు తీగ తగిలించాం. పెడళ్ళు రెండూ కలుసుకున్నాయి. ముదురు ఆకుపచ్చ, బంగారు గీతలు, నల్లని తోలు. షడ్డకుడి చూపు ఫ్రేము మీద ఉంది, నా చూపు హబ్బు మీద. ఒకరి చూపు ఇంకొకరు గమనించాం.

అత్త పసుపు కుంకుమలు పెట్టి, చామంతి దండ వేసింది. మామ గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఇక ఎవరో ఒకరు ఎక్కి నిమ్మకాయలు తొక్కించాలి. ఎవరు ఎక్కితే వారిదన్న మాట ఎవరూ అనలేదు. అనకపోయినా వాకిలంతా వినిపిస్తోంది.

"ఎక్కన్నా," అన్నాడు షడ్డకుడు, హ్యాండిల్ వదలకుండా.

"నువ్వెక్కప్పా, చిన్నోడివి," అన్నాను, సీటు వదలకుండా.

"పెద్దోడు నువ్వుండంగ నేనెట్ల ఎక్కేది?"

"నాదేముంది, నువ్వు గేర్లు బాగు చేసినోడివి."

"నువ్వు రంగు పూసినోడివి."

మర్యాద ఇలా ముదిరి, ఇద్దరి వేళ్ళ కణుపులూ తెల్లబడ్డాయి. మామ ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసి, "తక్కెడ తెప్పిద్దునా?" అన్నాడు.

అంతలో నా భార్య వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి బొడ్లో దోపుకుంది. "జరగండి ఇద్దురూ," అంది. మేము జరిగాం, ఆ గొంతు విన్నప్పుడు జరగడం నాకు అలవాటు, అతనికి కొత్త. ఆమె సైకిల్‌కు ఎడమ పక్కన నిలబడి, హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని, సీటును కుడి చంకలో ఇరికించుకుని, పై కడ్డీ కింద నుంచి కుడి కాలు అటు దూర్చి పెడలు మీద పెట్టింది. సీటు అందని పిల్లలు తొక్కే పద్ధతి అది. మరదలు వెనక క్యారియర్ పట్టుకుంది.

"తోస్తా, పో!" అని అరిచింది మరదలు.

నిమ్మకాయలు చితికాయి. సైకిల్ వీధిలోకి పోయింది. ఆమె తొడ సరిగ్గా ఆ జానెడు మచ్చకు ఆనుకుని ఉంది. చంక సరిగ్గా సీటు ముక్కున నల్లబడ్డ చోట ఉంది. మూలమలుపు దగ్గర టిక్ అని వినిపించింది. ఈసారి ఏదో జరిగింది. సైకిల్ కోట వైపు ఎత్తు మీదికి, వేగం కాస్త కూడా తగ్గకుండా ఎక్కిపోయింది. చెల్లెలు వెనకే పరుగెత్తుతూ, "నా వంతు! అక్కా, నా వంతు!" అంటోంది.

ఇంతకాలమూ మేము గౌరవించిన కుంటి తెల్లవాడు ఆ వీధి మలుపులో శాశ్వతంగా మాయమయ్యాడు.

మామ అరుగు మీద కూలబడ్డాడు. "ఎప్పుడు నేర్చిరి వీళ్ళు?"

"నువ్వు రాత్రి డ్యూటీ చేసొచ్చి మద్యాన్నం పండుకుంటాంటివి గదా, అప్పుడు," అంది అత్త, గుమ్మడికాయ ముక్కలు ఏరుతూ. "గూడ్సు షెడ్డు ఎనక తొక్కుతాండ్రి. కిర్రుమంటే నువ్వు లేస్తావని నేనే నూనె పోస్తాంటి. బొక్క యాడుండాదో పెద్దదే చూపించె."

"నేను ఇరవై ఏండ్లు కాపలా కాసినా అనుకుంటి."

"కాస్తివిలే. పండుకోని కాస్తివి."

అక్కచెల్లెళ్ళు చాలాసేపటికి, చెమటతో, జుట్టు రేగి తిరిగి వచ్చారు. దారిలోనే అంతా మాట్లాడుకున్నారు. నా భార్య సైకిల్ గోడకు ఆనించి, తండ్రితో అంది: "నాయనా, తక్కెడ పనిల్యా. ఇది ఇప్పకుండా నిండుగా ఉండాల. ఆర్నెల్లు నా దగ్గర, ఆర్నెల్లు దాని దగ్గర. మొదట నా దగ్గర, నేను పెద్దదాన్ని గదా."

ఏడాది పాటు నేను తయారు చేసుకున్న పథకం అక్షరం పొల్లు పోకుండా అదే. ఒక్కటే తేడా, అందులో నేను లేను.

"మేమిద్దురం రిపేరి చేసినాం గదా వదినా?" అన్నాడు షడ్డకుడు, నీరసంగా.

"బాగా చేసినారప్పా," అంది ఆమె, నిజంగానే మెచ్చుకుంటూ. "ఆ మచ్చకు రంగు పూయకుండా ఉండేది ఇంగా బాగుండాది."

వాకిట్లో మిగిలిన బజారు ముక్కలన్నీ కలిపితే సరిగ్గా ఒక సైకిల్ అయింది. అతని ఫ్రేము, అతని ముందు చక్రం, నా వెనక చక్రం, నా సీటు, చెరొక పెడలు. గేర్లు లేవు. మామిడి పిందెల అంచు ఉంది. మామ దాన్ని తృప్తిగా చూసి, తూచాల్సిన పని కూడా లేకుండా మా ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చాడు. అది గుత్తిలోనే ఉంది. పండక్కి పోయినప్పుడు ఇద్దరం దాని మీద బజారుకు పోతాం. తొక్కేది అతను, వెనక కూర్చునేది నేను. పెద్దల్లుడికి ఆ మాత్రం గౌరవం దక్కింది.

అసలు సైకిల్ ధర్మవరంలో ఉండే ఆర్నెల్లూ నాకు బాధగా ఉండేది. అది నాకు అలవాటైన బాధ. మా ఇంట్లో ఉండే ఆర్నెల్లే కష్టం. ఊరి బయట ఎండిపోయిన చెరువు ఒకటి ఉంది. నీళ్ళు లేని చెరువంత చదునైన నేల ఇంకెక్కడా దొరకదు. నా భార్య పొద్దున్నే చీర ఎగ్గట్టి, అందులో దిగి, ఈ కట్ట నుంచి ఆ కట్ట దాకా తొక్కేది. చలికాలం ముగిసేసరికి చెల్లెలు వచ్చి, ఇద్దరూ వంతులు వేసుకుని తొక్కేవాళ్ళు. నా భార్య సీటు మీద ఏనాడూ కూర్చోలేదు. సీటు చంకలో పెట్టుకోవడానికే తయారు చేస్తారని ఆమె అభిప్రాయం. పంక్చర్లు వేయడం, గొలుసుకు నూనె పెట్టడం నా పని. పల్లేరు ముల్లు దిగితే ట్యూబును ముంచడానికి బిందెడు నీళ్ళు తెచ్చేదీ నేనే, తర్వాత ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసేదీ నేనే.

ఒకసారి ఆఫీసుకు తీసుకుపోతానని అడిగాను.

"మీకి వేరే ఉండాది గదా," అంది.

"అది గుత్తిలో ఉండాది."

"గేరు ధర్మవరంలో ఉన్నెప్పుడు తొక్కల్యా? అట్లనే."

కట్ట మీద నిలబడి చూస్తుంటే ఆ టిక్ అన్న చప్పుడు చెరువు అవతలి గట్టు నుంచి కూడా స్పష్టంగా వినిపించేది. ఎండిన నేల మీద చప్పుడు బాగా పాకుతుంది. మా జిల్లాలో ప్రతివాడూ వాన కోసం మొక్కుకుంటాడు. చెనిక్కాయ పైరు కోసం, గొడ్ల కోసం, తాగే నీళ్ళ కోసం. నేనూ ఆ రోజుల్లో కట్ట మీద నిలబడి, చేతులు జోడించి, ఆ చెరువు అంచుల దాకా నిండాలని భక్తితో మొక్కుకునేవాణ్ణి. దారిన పోయే రైతులు నన్ను చూసి, చెరువుల ఆఫీసు మనిషికి పాపం ఎంత బాధ్యతో అనుకునేవారు.

ఆ ఏడు కూడా వాన రాలేదు.